పెద్దక్క మైకు

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఆ బృందంలో ఎవరూ లేరు. అందరూ "చెవులాయన" అంటారు. మొహం మీదే అన్నా కోప్పడడు. చేసే పని అలాంటిది మరి. ఇండోర్ స్టేడియంలో పదిహేను వేలమంది వినే శబ్దాన్ని ఇంకో ఇంజనీరు చూసుకుంటాడు. అతను హాలు మధ్యలో దర్జాగా కూర్చుంటాడు, ఫొటోల్లో పడతాడు. మన చెవులాయన మాత్రం స్టేజీ పక్కన నల్లగుడ్డ చాటున, శబ్దాలు కలిపే వేరే మిక్సరు ముందు నిలబడతాడు. పాడేవాళ్ళ చెవుల్లో బుల్లి ఇయర్‌ఫోన్లు ఉంటాయి కదా, వాటిలోకి ఏం వెళ్ళాలో, ఎంత వెళ్ళాలో చూసేది ఆయన. ఒకరికి డ్రమ్ములు దంచాలి, ఒకరికి తన గొంతు తప్ప ఇంకేదీ వినపడకూడదు. ముప్పై ఏళ్ళుగా ఈ గొంతెమ్మ కోరికలన్నీ తీరుస్తూ వస్తున్నాడు.

ఈ టూరుకి రమ్మని మేనేజరు ఫోన్ చేసినప్పుడు ఆయన ముందు నమ్మలేదు.

"ఇద్దరూనా? ఒకే స్టేజీ మీదా? మధ్యలో ఫైరింజను పెడతారా?"

"జోకులాపి ఎప్పుడొస్తావో చెప్పు. తొమ్మిది షోలు, వారానికొకటి" అన్నాడు మేనేజరు.

పెద్దక్కకి అరవై ఏడు, చిన్నక్కకి అరవై నాలుగు. ఒకే కడుపున పుట్టినవాళ్ళేం కాదు. ఇరవై రెండేళ్ళు జంటగా పాప్ పాటలు పాడితే జనమే వాళ్ళని అక్కచెల్లెళ్ళని చేసేశారు. ఆ రోజుల్లో బస్సెక్కినా వీళ్ళ పాటే, క్షవరం షాపులో కూర్చున్నా వీళ్ళ పాటే. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. పెద్దక్క తల్లి పోయిన రోజే సాయంత్రం షో ఉంది. చిన్నక్క ఒక్కతే స్టేజీ ఎక్కి ఇద్దరి వంతులూ తనే పాడేసింది. జనం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. నాలుగు రోజుల తర్వాత పెద్దక్క వచ్చి, "అయితే నేను లేకపోయినా ఏ లోటూ లేదన్నమాట" అంది. "మరి అంతమందినీ ఇంటికి పొమ్మనమంటావా?" అని చిన్నక్క ఒంటికాలి మీద లేచింది. అక్కడితో సరి. ఇద్దరికీ ముక్కు మీద కోపం. సర్దిచెప్పడానికి మధ్యలో వెళ్ళినవాళ్ళు కూడా చీవాట్లు తిని వచ్చారు.

రిహార్సల్ మొదటిరోజే చెవులాయనకి ఒక విడ్డూరం ఎదురైంది. పొద్దున చిన్నక్క ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "తమ్ముడూ, నా చెవిలో అక్క గొంతు రాకుండా చూడు. అది వినపడితే నాకు ఊపిరి కుదరదు" అంది. మధ్యాహ్నం పెద్దక్క వచ్చింది. "ఒరేయ్, నా చెవిలో దాని గొంతు పెట్టకు. వింటే మా అమ్మ పోయిన రోజే గుర్తొస్తుంది." ఇద్దరూ ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆయన ఇద్దరికీ తలూపాడు. ఆ విధంగా, పదిహేను వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఆ జంట పాటల్లో ఒకరి గొంతు ఒకరు విననే లేదు. డ్రమ్ముల లెక్క మీద పాడుకుపోయారు. అనుభవం అంటే అదీ. వినకపోయినా ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ వదలాలో ఇద్దరికీ ఒంట్లోనే ఉంది.

మూడు షోలు బ్రహ్మాండంగా జరిగాయి. ఇద్దరికీ రెండు గదులు, రెండు కార్లు. స్టేజీ మీద భుజాల మీద చేతులు వేసుకునేవాళ్ళు, దిగాక ఎవరి దారి వాళ్ళది.

నాలుగో షోలో చెవులాయన పెద్దక్క మైకు వింటూ ఉలిక్కిపడ్డాడు. పై స్వరానికి వెళ్ళగానే గొంతు గరగరలాడి, మధ్యలో తెగిపోయి, మళ్ళీ అందుకుంది. మైకు లోపమేమోనని మార్పించాడు. ఇంకో మైకులోనూ అదే గరగర. షో అయ్యాక ఆవిడ గదికి వెళ్ళి నీళ్ళు నమిలాడు.

"నసగకు. విన్నావుగా" అంది పెద్దక్క, అద్దం ముందు కూర్చుని చెవిపోగులు తీస్తూ. "క్యాన్సరంట. స్వరపేటిక మొత్తం తీసేస్తేగానీ లాభం లేదంటున్నారు. ఆ తర్వాత పాటా లేదు, మాటా లేదు. రేపే చేయించుకోమన్నాడు డాక్టరు. టూరయిన సోమవారం చేయించుకుంటానన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఈలోగా పాడితే ఉన్న గొంతు కూడా ముందే పోతుందన్నాడు."

చెవులాయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అదిగో, ఆ ఏడుపు మొహం పెట్టకు. మా అమ్మాయికి, మేనేజరుకి, నీకు, హాలు శబ్దం చూసే ఇంజనీరుకి తప్ప ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా దానికి. జాలిపడి మాట్లాడే మాట నాకొద్దు. ఒట్టెయ్యి."

ఆయన ఒట్టేశాడు.

అయిదో షో నుంచి ఒక ఏర్పాటు చేశారు. మొదటి షోలో పెద్దక్క పాడినదంతా రికార్డయి ఉంది. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా హాల్లోకి ఆ రికార్డే వదిలేవారు. ఆవిడ చేతిలో మైకు హాలుకి మూసేసి ఉండేది. అది పలికేది ఒక్క చెవులాయన మిక్సర్లోనే. పెద్దక్క మాత్రం పెదాలాడించి ఊరుకునే రకం కాదు. ఉన్న గొంతుతోనే పాడేది, ఎంత వస్తే అంత. పాటకీ పాటకీ మధ్య కబుర్లు ఎలాగూ చిన్నక్కవే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. జనమంతా ఆనాటి గొంతు విని మురిసిపోతుంటే, ఈనాటి గొంతు ఒక్క చెవులాయనకే దక్కింది.

ఆరో షోకి ముందు పెద్దక్క ఇంకో మాట అంది. "ఇక దాని గొంతు నా చెవిలో పెట్టరా. ఇంకెన్ని పాటలని."

ఆయన పెట్టాడు. మొదటి పాటకే ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నల్లగుడ్డ చాటు నుంచి చూశాడు. ఈవిడ వింటోంది, ఆవిడకేమో ఏమీ తెలీదు. "వీళ్ళిద్దర్నీ ఒక గదిలో పెట్టి బయట గడియ వేస్తే పీడా పోతుంది" అని మేనేజరుతో గొణిగాడు. మనసులో మాత్రం ఒకటే ఆశ ఉంది. ఆ గొంతు పోయేలోపు ఈ ఇద్దరూ ఒక్క మంచి మాట మాట్లాడుకోవాలి. రోజులు చూస్తే దగ్గరికొచ్చేస్తున్నాయి.

తొమ్మిదో షో, అంటే ఆఖరిది, శనివారం పడింది. స్టేడియం కిటకిటలాడిపోయింది. చివరి పాటకి ముందు నలభై సెకన్లు దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో చిన్నక్క తన దగ్గరున్న చిన్న మైకు మీట నొక్కింది. అది నొక్కితే మాట ఒక్క చెవులాయనకే వినపడుతుంది.

"తమ్ముడూ, ఈ ఒక్క పాటకీ అక్క గొంతు నా చెవిలో పెట్టు."

ఇన్నాళ్ళకి! చెవులాయన సంతోషంతో మీట మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయాడు. ఏ గొంతు పెట్టాలి? అసలు గొంతు వినపడితే ఒక్క చరణానికే గుట్టు రట్టవుతుంది. ఒట్టేశాడు కదా. పైగా నడి స్టేజీ మీద చిన్నక్క కుప్పకూలినా కూలుతుంది. చీకట్లో చిన్నక్క వంగి పెద్దక్క చెవిలో ఏదో చెప్పడం కనపడింది. ఏం చెప్పిందో వినపడలేదు. పెద్దక్కని అడుగుదామంటే ఇంకో పది సెకన్లే మిగిలాయి.

దీపాలు వెలిగాయి. చెవులాయన చిన్నక్క చెవిలోకి మొదటి షో రికార్డు వదిలాడు.

ఆ పనిలో ఒక చిక్కుంది. అన్ని గొంతులూ ఆయన దగ్గరికే వచ్చినా, ఒక్కసారి ఒకరి చెవిలోకి వెళ్ళేదే వినగలడు. ఆ పాటంతా ఆయన చిన్నక్క చెవిలోకి వెళ్ళేదే విన్నాడు. రికార్డు ఎక్కడైనా ముందువెనకలైతే పట్టుబడిపోతాడని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. మిక్సరు మీద పెద్దక్క మైకు వరసలో ఆకుపచ్చ దీపాలు ఆడుతూనే ఉన్నాయి. "పాపం, పాడుతోంది, ఉన్న గొంతుతోనే" అనుకున్నాడు. ఆవిడ మైకుని పెదాలు కనపడనంతగా నోటికి ఆనించి పట్టుకుంది. అదీ చూశాడు.

చిన్నక్క మొహం చూడాలి ఆ వేళ! తన వంతు పాడటం, పెద్దక్క వంతు రాగానే కళ్ళు మూసుకోవడం. పాట చివర పెద్దక్కది పొడుగాటి ఆలాపన ఒకటుంది, మాటలుండవు. అది మొదలవగానే పెద్దక్క చెల్లెలి వైపు తిరిగి చెయ్యి చాచింది. చిన్నక్క కుడిచేతిలో మైకు ఉంది. ఎడమచెయ్యి ఎత్తి, ఆ ఆలాపన ఇంకా బాగా వినపడాలని ఇయర్‌ఫోనుని చెవికి నొక్కుకుంది. కళ్ళు తెరవలేదు. చాచిన చెయ్యి పెద్ద తెర మీద కనపడగానే జనం కేకలు పెట్టారు. అది స్టేజీ భంగిమ అనుకున్నారు. చెవులాయనా అలాగే అనుకున్నాడు. కాసేపటికి పెద్దక్క ఆ చెయ్యి తీసేసి జనానికి ఊపింది.

షో అయ్యాక స్టేజీ వెనక వరండాలో, చెవులాయన చూస్తుండగా, చిన్నక్క పరుగులాంటి నడకతో వచ్చి పెద్దక్కని అందుకుంది.

"అక్కా! ఏం పాడావే! నీ గొంతు పిసరంత కూడా తగ్గలేదు. పాతికేళ్ళ పిల్లలా పాడావు."

పెద్దక్క ఆగి ఆమె మొహంలోకి చూసింది. కూతురి చెయ్యి పట్టుకుని కారు వైపు వెళ్ళిపోయింది.

"చూశావా తమ్ముడూ, మెచ్చుకున్నా మొహం తిప్పుకుంటుంది" అంది చిన్నక్క. "చిన్నబుచ్చుతుందని తెలిసీ వెళ్ళాను. నా బుద్ధే గడ్డి తింది."

"అలసిపోయారక్కా ఆవిడ" అన్నాడాయన. అంతకంటే చెప్పడానికి ఒట్టు అడ్డమొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీ స్టేడియంలో సామాన్లు లారీలకెక్కుతున్నాయి. చెవులాయన తన మిక్సరు విప్పే ముందు ఎప్పటిలాగే రికార్డులు సరిచూసుకుంటున్నాడు. ప్రతి మైకూ విడివిడిగా రికార్డవుతుంది. పెద్దక్క ఆఖరి పాట, ఆఖరి గొంతు, ఒకసారి విందామని ఆ ఒక్క మైకే పెట్టుకున్నాడు.

పాట లేదు. గరగరలాడే గొంతుతో మాటలున్నాయి.

"పిల్లా... ఇవాళ వింటున్నానన్నావుగా. పాటగా రాదే, మాటగా చెప్తాను. నా మైకు జనానికి వినపడదు, నీకొక్కదానికే. గొంతులో క్యాన్సరు. ఎల్లుండి తీసేస్తారు."

తర్వాత చిన్నక్క పాడిన వంతు దూరంగా వినపడింది. మళ్ళీ ఆ గొంతు.

"ఆ రోజు నువ్వు పాడినందుకు కాదే నా కోపం. మా అమ్మ పోయింది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. నువ్వు కనపడ్డావు, నీ మీద అరిచాను. తర్వాత దిగిరావడానికి మొహం చెల్లలేదు. తప్పు నాదే. నీ మనసులో ఏమీ లేకపోతే... ఒక్కసారి నా చెయ్యి పట్టుకో."

ఆ తర్వాత నిశ్శబ్దం. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద లెక్క చూస్తే పదకొండు సెకన్లు. అప్పుడు, చాలా మెల్లగా:

"సరేలే. పాడుకో."

చెవులాయన పక్కనున్న ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. చీకట్లో చిన్నక్క ఏం చెప్పిందో ఇప్పుడు తెలిసింది. వరండాలో ఆ మెచ్చుకోలు పెద్దక్కకి ఎలా తగిలి ఉంటుందో కూడా తెలిసింది. గొంతు పోతోందని చెప్పుకున్న మనిషితో, నీ గొంతు పిసరంత తగ్గలేదంది. ఎత్తిపొడుపు కాక మరేమనుకుంటుంది? ఇరవై రెండేళ్ళ బంధాన్ని మళ్ళీ కలిపే ఒకే ఒక్క మాటని ఆయన, మంచి చేస్తున్నాననుకుని, తన చేత్తో నొక్కేశాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఎవరి చెవినీ మోసం చెయ్యనివాడు ఆ ఒక్క పాటకే చేశాడు. పక్కన లారీవాళ్ళున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని చిన్నక్క దిగిన హోటలుకి వెళ్ళాడు. ఆవిడ పెట్టె సర్దుకుంటోంది. నిలబడే అంతా చెప్పేశాడు, ఒట్టూ గిట్టూ పక్కనపెట్టి. తర్వాత వినిపించాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని, మడతపెడుతున్న చీర ఒళ్ళోనే ఉంచుకుని విన్నది. అయ్యాక చీర పక్కన పడేసింది.

"చెయ్యి చాచిందా?"

"చాచిందక్కా."

"నేనేం చేస్తున్నాను?"

"చెవి నొక్కుకుని రికార్డు వింటున్నారు."

కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండేది. "పద" అంది.

మర్నాటి ఆపరేషన్ కోసం పెద్దక్కని చేర్చిన ఆసుపత్రి గది గుమ్మంలో ఆవిడ కూతురు ఎదురొచ్చింది. "పిన్నీ, ఇప్పుడొద్దు. రాత్రింటికొచ్చినప్పటి నుంచి అమ్మకి మాట పూర్తిగా పోయింది. డాక్టరు చెప్పినట్టే అయింది. గాలి తప్ప ఏమీ రావట్లేదు. ఎవర్నీ రానివ్వొద్దని కాగితం మీద రాసింది."

"నన్ను కూడానా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "మిమ్మల్నే, పిన్నీ."

చిన్నక్క ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. వెనకాలే చెవులాయన. పెద్దక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడుకి ఇటు తిరిగి, ఎవరో చూసి, మళ్ళీ గోడ వైపే తిరిగింది.

"అక్కా, నేను వినలేదే" అంది చిన్నక్క. "నీమీదొట్టు. నువ్వన్నదేదీ నా చెవిలో పడలేదు."

పెద్దక్క దుప్పటి భుజం దాకా లాక్కుంది. చిన్నక్క చెవులాయన వైపు చూసింది. ఆయన మంచం దగ్గరికి వచ్చి, తను చేసింది చేసినట్టు చెప్పాడు. చీకట్లో నలభై సెకన్లు, తను పడ్డ భయం, ఏ రికార్డు వదిలాడో, అన్నీ. "మీ గొంతు బదులు మీ గొంతే పెట్టానక్కా. మీరు అక్కడ ఉండగానే మీరు లేకుండా పాడించాను. మీకు ఏది జరిగితే పందొమ్మిదేళ్ళు బాధపడ్డారో, నేనూ అదే చేశాను."

పెద్దక్క ఇటు తిరిగి ఆయన్ని చూసింది. ఆ చూపు కంటే, ఆవిడ పాత గొంతుతో నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆయన ప్రాణం హాయిగా ఉండేది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

"పెట్టు" అంది చిన్నక్క. ఆయన ఇయర్‌ఫోన్లు తీయబోయాడు. "అవొద్దు. బయటికే పెట్టు. అక్క ముందరే వింటాను."

కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టి నొక్కాడు. "పిల్లా... ఇవాళ వింటున్నానన్నావుగా" అంది ల్యాప్‌టాప్. తన గొంతు వినగానే పెద్దక్క పిడికిలి బిగుసుకుంది. చిన్నక్క మంచం పక్కన నిలబడి కళ్ళు తెరుచుకునే విన్నది. క్యాన్సరన్నప్పుడూ కదల్లేదు, అమ్మ పోయిందన్నప్పుడూ కదల్లేదు. "ఒక్కసారి నా చెయ్యి పట్టుకో" అన్నది వినపడగానే వంగి ఆ పిడికిలిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"నా మనసులో ఏమీ లేదే అక్కా. ఏ రోజూ లేదు. నీ వంతు కూడా నేనే పాడిన ఆ రోజు, చప్పట్లు నాకు వినపడనే లేదు. నువ్వెప్పుడొస్తావా అని గుమ్మం వైపే చూస్తూ పాడాను. చెప్పనిచ్చావా నువ్వు?"

పెద్దక్క పిడికిలి విప్పింది. కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి.

చెవులాయన మాత్రం తెర మీద సెకన్ల లెక్క చూస్తున్నాడు. ఏడు, ఎనిమిది. ఆ తర్వాత ఏం వస్తుందో గదిలో ముగ్గురికీ తెలుసు. వేలు మీట మీదే ఉంది. నొక్కితే అక్కడితో ఆగిపోతుంది. ఎంత బాగుంటుంది! నిన్న కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నాడు. వేలు తీసేసి చేతులు కట్టుకున్నాడు.

"సరేలే. పాడుకో" అంది ల్యాప్‌టాప్.

పెద్దక్క గబగబా తల అడ్డంగా ఊపింది. చెల్లెలి చేతుల్ని గుంజి గుండెకి ఆనించుకుని, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచింది. మళ్ళీ తెరిచింది. చిన్నక్క ఆవిడ పెదాల దగ్గర చెవి పెట్టి ఎంతసేపు విన్నా, గాలి తప్ప ఏమీ రాలేదు.